బంబు (ఫైరింజన్), నిచ్చెన, భర్తీ: అగ్నిమాపక దళం గురించి మన సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బల్లార్షా, రాజురా, సిరొంచ, ధర్మాబాద్, దెగ్లూరు. మహారాష్ట్రలో తెలంగాణ అంచున, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ నడిచే ఊళ్లు. ఇక్కడి పిల్లలు ముంబై, నాగపూర్, హైదరాబాద్ ఫైర్ సర్వీసుల్లో ఉద్యోగం ఎట్లా వస్తుందని అడుగుతారు. పెద్దవాళ్లకు దుకాణం, జిన్నింగ్ మిల్లు, పట్నంలో కొడుకు కొన్న పదిహేనో అంతస్తు ఫ్లాటు గురించి బెంగ. రెండు రకాల ప్రశ్నలకూ జవాబులు ఇక్కడే ఉన్నాయి. భర్తీ సంగతి కోసం వచ్చినవాళ్లు మొదటి సగం దాటేయకండి. ఆ పని ఎట్లాంటిదో తెలియకుండా ఫారం నింపినవాళ్లు ట్రైనింగ్ మధ్యలోనే తిరిగి వచ్చేస్తున్నారు.

మంటలు లేస్తే 101కి చేయాలా, 112కి చేయాలా?

రెండూ పనిచేస్తాయి. అయితే సరిహద్దులో ఇంకో చిక్కుంది. సిరొంచ దగ్గర నది ఒడ్డునో, ధర్మాబాద్ శివార్లలోనో నిలబడితే ఫోను అవతలి తెలంగాణ టవర్ పట్టుకోవచ్చు. అప్పుడు కాల్ ఆ రాష్ట్రం కంట్రోల్ రూమ్‌కు పోతుంది. అందుకని ఎత్తగానే రాష్ట్రం, జిల్లా, తాలూకా పేర్లు చెప్పండి, ఊరి పేరు తర్వాత. ఒకే పేరున్న ఊళ్లు నదికి రెండు పక్కలా ఉంటాయి.

ఆ తర్వాత చెప్పాల్సినవి మూడే: ఏం కాలుతోంది, లోపల మనుషులున్నారా, పెద్ద బండి పట్టే దారి ఎటునుంచి. వాళ్లు పెట్టేయమనేదాకా ఫోను పెట్టేయకండి. ఒక కుర్రాణ్ణి చౌరస్తాకు పంపి నిలబెట్టండి. రాత్రిపూట సందు వెతుక్కోవడంలో పోయే నిమిషాలే అన్నిటికంటే ఎక్కువ.

మీ నగర్ పరిషత్ లేదా నగర్ పంచాయత్ ఫైర్ స్టేషన్ నేరు నంబరు కూడా ఫోనులో వేసుకోండి. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. అక్కణ్ణించి బండి వచ్చేసరికి కాలాల్సింది కాలిపోయి ఉంటుంది.

బండి వచ్చి ఆగినా వెంటనే నీళ్లు కొట్టరెందుకు? జనం తిడుతుంటే కూడా అటూ ఇటూ తిరుగుతుంటారు.

తిట్టేవాళ్లకు ట్యాంకు లెక్క తెలియదు. మామూలు ఫైరింజన్, అంటే వాటర్ టెండర్‌లో పట్టేది 4,500 లీటర్లు. దాని పంపుకు నిమిషానికి 2,250 లీటర్లు తోసే సత్తా ఉంటుంది. అంటే పంపు పూర్తిగా తెరిస్తే రెండు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఒక్క బ్రాంచే (హోస్ చివర నీళ్లు చిమ్మే ముక్కు) నడిపినా నిమిషానికి నాలుగైదు వందల లీటర్లు పోతాయి, పది నిమిషాల కంటే రాదు. చోటు తెలియకుండా గోడ మీద కొట్టిన నీళ్లు రోడ్డు మీదికే పారతాయి.

అందుకే బండి దిగిన ఆఫీసరు మొదట భవనం చుట్టూ ఒక చుట్టు వేస్తాడు. పొగ రంగు చూస్తాడు, ఏ కిటికీలోంచి తోసుకొస్తోందో చూస్తాడు, మెట్లెక్కడ, కరెంటు మీటర్లెక్కడ, పక్కింటి గోడ ఎంత దగ్గర అని చూస్తాడు. ఈలోగా ఒకరు కరెంటు తీయిస్తారు, ఇద్దరు హోస్ పరుస్తారు, ఇంకొకరు తర్వాతి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో వెతుకుతారు. హైడ్రంటు (వీధిలో ఫైరింజన్ల కోసం పెట్టిన నీళ్ల కుళాయి), పక్క సొసైటీ ట్యాంకు, ఏదైనా సరే.

హోస్ సంగతి కూడా వినండి. నగరాల్లో వాడే డెలివరీ హోస్ అడ్డుకొలత 63 మిల్లీమీటర్లు, ఒక్కో చుట్ట 15 లేదా 30 మీటర్లు. ముప్పై మీటర్ల హోస్ నీళ్లతో నిండితే ఆ నీళ్ల బరువే 90 కిలోలు దాటుతుంది. నాలుగో అంతస్తుకు మెట్ల మలుపుల మీదుగా దాన్ని లాగడం ఇద్దరి పని కాదు. అందుకే తెలిసినవాళ్లు ఖాళీ హోస్‌నే పైకి తీసుకుపోయి, అక్కడ కప్లింగు (హోస్‌లను కలిపే లోహపు జోడు) బిగించాక కింద పంపుకు ‘వాటర్ ఆన్’ అని కేక వేస్తారు. కప్లింగు టక్కుమని పడకపోతే ప్రెషరుకు ఊడి కొరడాలా కొడుతుంది. కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది ఆ టక్కు చప్పుడు వినడమే.

పెద్ద అగ్నిప్రమాదాల్లో జనం కాలి చనిపోతారా?

చాలామందిని చంపేది పొగ. ముంబై కమలా మిల్స్‌లో 2017 డిసెంబరు 29న 14 మంది పోయారు. ఎక్కువమంది మంట తాకి కాదు, తలదాచుకుందామని టాయిలెట్‌లోకి పోయి ఊపిరాడక. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట లేస్తే, ఆ పొగ మెట్ల దారిలో పైన లాడ్జికి ఎక్కి 8 మందిని తీసుకుపోయింది. 2025 మే 18 ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది. అక్కడ లోపలికీ బయటికీ ఒకే ఇరుకు దారి. అదే రోజు సోలాపూర్‌లో టవళ్ల ఫ్యాక్టరీ అంటుకుని 8 మంది పోయారు. మన పద్మశాలీల ఊరు అది. ఆ ఆదివారం ఏ ఇంట్లో టీవీ పెట్టినా రెండు పట్నాల పొగే.

పొగ వేడిగా ఉంటుంది కాబట్టి పైకప్పు పట్టుకుని కిందికి నిండుతూ వస్తుంది. నేలకు జానెడు ఎత్తులో గాలి కాసేపు మిగులుతుంది. పాకుతూ పొమ్మనేది అందుకే. తలుపు తీసే ముందు అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తీయొద్దు. సందుల్లో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర నిలబడి చెయ్యో గుడ్డో ఊపండి. లిఫ్టు ఎక్కొద్దు, టాయిలెట్‌లో దాక్కోవద్దు.

ఇంకొకటి, ఇది చెబితే మనవాళ్లకు కోపమొస్తుంది: దొంగల భయంతో బాల్కనీకి నిలువునా వేసిన గ్రిల్లు. తాళం లేని చిన్న తలుపైనా లేకుండా గ్రిల్లు వేసిన ఇంటిని నేను ఇల్లనను.

‘మా ఫ్లాటు పదిహేనో అంతస్తు. నిచ్చెన బండి అక్కడిదాకా వస్తుందా?’

నగరాన్ని బట్టి ఉంటుంది, అంతకంటే ఎక్కువగా మీ సొసైటీ గేటును బట్టి ఉంటుంది. ముంబై ఫైర్ బ్రిగేడ్ దగ్గర 90 మీటర్ల హైడ్రాలిక్ ప్లాట్‌ఫారం ఉంది, సుమారు ముప్పై అంతస్తుల ఎత్తు. హైదరాబాద్‌లో 54 మీటర్ల బ్రాంటో స్కైలిఫ్ట్ ఉంది. కానీ ఈ బండ్లు పని చేయాలంటే నాలుగు పక్కలా జాకీ కాళ్లు చాపి గట్టి నేల మీద నిలబడాలి. గేటు కమాను తక్కువైనా, పార్కింగ్‌లో కార్లు అడ్డున్నా, కింద సెప్టిక్ ట్యాంకు మూత ఉన్నా అంత ఖరీదైన బండీ వీధిలోనే నిలబడుతుంది.

అసలు ఎత్తైన భవనాన్ని కాపాడేది భవనంలోనే ఉంటుంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఉన్నది హైరైజ్. అట్లాంటి వాటిలో మెట్ల పక్కన ఎర్రటి పైపు, ప్రతి అంతస్తులో దానికి ల్యాండింగ్ వాల్వు ఉంటాయి. ఫైర్‌మెన్ కిందినుంచి హోస్ లాక్కురాకుండా అక్కడే తగిలిస్తారు. 24 మీటర్లు దాటితే మనుషులు వచ్చి నిలబడేందుకు బయటికి తెరిచి ఉన్న రెఫ్యూజ్ ఏరియా కావాలి. చాలా సొసైటీల్లో అక్కడ పాత సోఫాలు, సైకిళ్లు, గణపతి మండపం కర్రలు ఉంటాయి. కొడుకు ఫ్లాటు చూడబోయినప్పుడు స్విమ్మింగ్ పూల్ తర్వాత చూడండి, ముందు ఆ ఎర్ర పైపులో నీళ్లున్నాయా అని వాచ్‌మన్‌ను అడగండి.

మన చంద్రపూర్ లాంటి ఊళ్లలో మామూలు బండి మీద ఉండే అల్యూమినియం నిచ్చెన 35 అడుగులు. మూడో అంతస్తుకు సరిపోతుంది.

ఎర్ర బండ్లన్నీ ఒకటేనా?

కావు. రోజూ తిరిగేది వాటర్ టెండర్. దానికి వెనక నీళ్లు మోసేది పది పన్నెండు వేల లీటర్ల బౌజర్, మన భాషలో పెద్ద ట్యాంకర్. పెట్రోలు, స్పిరిట్, రంగుల మంటలకు నురగ కొట్టే ఫోమ్ టెండర్. రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయిన కారు చీల్చడానికి హైడ్రాలిక్ కట్టర్, స్ప్రెడర్ ఉన్న రెస్క్యూ టెండర్. పాతబస్తీ సందులకు మోటార్ సైకిల్ మీద సన్నని తుంపర కొట్టే మిస్ట్ పంపు. చిన్న పరిషత్తుల్లో ఒక్క వాటర్ టెండరే ఇవన్నీ చేస్తుంది, పండగ పూట రోడ్లు కడగడం కూడా.

ఫైర్‌మెన్ వీపు మీద ఉండేది ఆక్సిజన్ సిలిండరేనా?

కాదు, అందులో ఉండేది నొక్కి నింపిన మామూలు గాలి. మంట దగ్గరికి శుద్ధ ఆక్సిజన్ తీసుకుపోవడం అంటే నిప్పుకు నెయ్యి పోయడమే. ఈ సరంజామాను బీఏ సెట్ అంటారు. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ ఒత్తిడిన సుమారు 1,800 లీటర్ల గాలి పడుతుంది. కష్టపడి పనిచేసే మనిషి నిమిషానికి 40 లీటర్లు పీలుస్తాడు, అంటే ముప్పావుగంట. భయపడ్డవాడు ఇంకా ఎక్కువ పీలుస్తాడు, అరగంట కూడా రాదు. ఒత్తిడి 55 బార్ దగ్గరికి పడగానే విజిల్ మోగుతుంది. విజిల్ మోగాక ఇంకో గది చూసొస్తానంటే కుదరదు, బయటికి రావాల్సిందే. లోపలికి ఎప్పుడూ ఒంటరిగా పంపరు. ఎవరు ఎన్ని గంటలకు ఎంత ఒత్తిడితో పోయారో బయట ఒకరు పలక మీద రాసుకుంటూ నిలబడతారు. ఆ పలక పట్టుకునేవాడి పని తేలికనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్ల ప్రాణం అతని చేతిలోనే ఉంటుంది.

పత్తి జిన్నింగ్ మిల్లుల్లో ఒకసారి ఆర్పిన మంట మళ్లీ ఎందుకు లేస్తుంది?

రాజురా నుంచి ధర్మాబాద్ దాకా ఏటా చలికాలంలో వచ్చే ప్రశ్న. బిగించిన పత్తి బేలులో నిప్పు లోపలికి తొలుచుకుపోతుంది. పైన నీళ్లు పోస్తే తడిసినట్టే ఉంటుంది. కానీ పత్తి మైనం నీళ్లను తొందరగా పీల్చనివ్వదు, లోపల నిప్పు నిమ్మళంగా రాజుకుంటూనే ఉంటుంది. రెండో రోజు గాలి తగిలితే మళ్లీ లేస్తుంది. చేయాల్సింది ఏమిటంటే, బేళ్లను ఒక్కొక్కటిగా జేసీబీతో బయటి ఖాళీ జాగాకు లాగి, పట్టీలు కోసి, విప్పి, లోపలి పొర దాకా తడపాలి. నీళ్లలో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు లోపలికి ఇంకేలా చేసే సబ్బులాంటి మందు) కలిపితే బాగా పాకుతుంది. మిల్లు యజమానికి ఇది నచ్చదు, విప్పిన బేలు ధర పోతుంది కనుక. ‘పైన తడిపి వెళ్లండి సాబ్’ అంటాడు. ఒప్పుకుంటే బండి మర్నాడు మళ్లీ రావాల్సిందే, ఈసారి రెండు షెడ్లకు.

పత్తి మంట మామూలుది అనుకునేవాళ్లు 1944 ఏప్రిల్ 14 గుర్తుపెట్టుకోవాలి. ముంబై విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్లు, వాటితో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉన్నాయి. ఓడ అరలో నిప్పు ఎక్కడ రాజుకుందో దొరక్క గంటలపాటు నీళ్లు కొట్టారు. సాయంత్రం ఓడ పేలిపోయింది. పోయినవాళ్లలో 66 మంది ఫైర్ బ్రిగేడ్ మనుషులు. దేశమంతా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవం జరిపేది వాళ్ల జ్ఞాపకంగానే.

తునికాకు గోదాముల సంగతీ ఇంచుమించు ఇదే. ఎండిన ఆకు కట్టలు గోడ దాకా, కప్పు దాకా పేర్చకండి. మనిషి నడిచే సందులు వదలండి.

బొగ్గు గనిలో మంట వస్తే ఊరి బంబు వెళ్తుందా?

పైన షెడ్డులో అయితే పిలిస్తే వెళ్తుంది. భూగర్భంలో అయితే అది గని రెస్క్యూ దళం పని, వాళ్ల శిక్షణ, చట్టం, సరంజామా అన్నీ వేరు. ఘుగ్గూస్, సాస్తి వైపు బొగ్గు కుప్పల్లో పొగలు చూసి ఫోన్ చేసేవాళ్లున్నారు. బొగ్గు గాలి తగిలి తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. దాని మీద కాసిని నీళ్లు చల్లితే లాభం లేదు. కుప్ప చదును చేసి తొక్కించి గాలి ఆడకుండా చేయాలి. గని యాజమాన్యానికి చెప్పండి.

దుకాణానికి, హోటలుకు ‘ఫారం బీ’ అడుగుతున్నారు. ఏమిటది?

మహారాష్ట్రలో 2006 అగ్ని నివారణ చట్టం కింద, భవనంలో పెట్టిన అగ్నిమాపక ఏర్పాట్లు పనిచేస్తున్నాయని లైసెన్సున్న ఏజెన్సీ ఇచ్చే ధ్రువపత్రం. కొత్తగా అమర్చినప్పుడు ఫారం ఏ. ఆ తర్వాత ఏటా జనవరిలో, జూలైలో ఫారం బీ. పాత హైదరాబాద్ అలవాటున్న మన వ్యాపారులు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఒకసారి తెచ్చుకుంటే అయిపోయిందనుకుంటారు. ఇక్కడ అట్లా కాదు. డబ్బు తీసుకుని మంటలార్పే సిలిండరు చూడకుండానే సంతకం పెట్టే ఏజెన్సీలూ ఉన్నాయి. అట్లాంటి కాగితం ఇన్‌స్పెక్షన్ రోజు పనికొస్తుంది, మంట వచ్చిన రోజు పనికిరాదు.

దుకాణంలో ఏబీసీ పౌడరు సిలిండరు చాలు, కరెంటు ప్యానెల్ దగ్గర కార్బన్ డయాక్సైడుది పెట్టండి. గేజీ ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. ఆరు కిలోల సిలిండరు పావు నిమిషం అటూ ఇటూ మాత్రమే వస్తుంది. పిన్ను లాగడం, మంట మొదలును గురిపెట్టడం పనివాళ్లకు ముందే నేర్పండి. ఆ పదిహేను సెకన్లలో సూచనలు చదువుకోవడం కుదరదు.

మహారాష్ట్రలో ఫైర్‌మన్ ఉద్యోగం ఎవరిస్తారు?

ఇక్కడే మనవాళ్లు తికమకపడతారు. తెలంగాణ, ఆంధ్రల్లో ఫైర్ సర్వీసు రాష్ట్ర ప్రభుత్వ శాఖ, భర్తీ మొత్తం ఒకచోటనుంచి. మహారాష్ట్రలో ఊరి అగ్నిశమన దళం ఆ ఊరి మహానగర్ పాలికది లేదా నగర్ పరిషత్‌ది, పారిశ్రామిక వాడల్లో ఎంఐడీసీది (రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థది). కాబట్టి నాగపూర్ ప్రకటన వేరు, చంద్రపూర్ వేరు, నాందేడ్ వేరు, ముంబై వేరు. అర్హతలు, ఎత్తు, పరీక్ష పద్ధతి కూడా వేరువేరే. రాష్ట్రానికి ఒక డైరెక్టరేట్ ముంబైలో ఉంది. అది శిక్షణ, లైసెన్సులు, సలహాలు చూస్తుంది గానీ ప్రతి ఊరి ఫైర్‌మన్‌ను నియమించదు.

పాలికల ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఆ డైరెక్టరేట్ నడిపే ఆరు నెలల అగ్నిశామక కోర్సు. పోస్టు పేరు కొన్నిచోట్ల ‘అగ్నిశామక విమోచక్’ అని ఉంటుంది, అదే ఫైర్‌మన్.

ముంబైలో ఎట్లా తీసుకుంటారు?

2023 మొదట్లో బీఎంసీ (ముంబై మహానగర్ పాలిక) 910 అగ్నిశామక పోస్టులకు దహిసర్ మైదానంలో భర్తీ జరిపింది. అందులో బారావి (పన్నెండో తరగతి) పాసై ఉండాలి, మగవాళ్లకు ఎత్తు 172 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 162. మగవాళ్లకు 800 మీటర్ల పరుగు, 19 అడుగుల ఎత్తునుంచి కింద పట్టుకున్న జంపింగ్ షీట్‌లోకి దూకడం, 50 కిలోల మనిషి బొమ్మను భుజాన వేసుకుని పరుగెత్తడం. జీతం స్కేలు 21,700 నుంచి 69,100.

పరుగుకు అందరూ తయారవుతారు. తప్పేది దూకడం దగ్గర. 19 అడుగులు కిందనుంచి చూస్తే ఇంటి మొదటి అంతస్తు పిట్టగోడంతే. పైకెక్కి చూస్తే షీటు చాపంత కనబడుతుంది, మోకాళ్లు బిగుసుకుంటాయి. కాళ్లు ముందుకు చాపి, వీపు, పిర్రలు ముందు తాకేలా పడాలి, నిలువుగా పడితే చీలమండ పోతుంది. దీన్ని సొంతంగా గోడలెక్కి సాధన చేయకండి. భుజాన మనిషిని వేసుకోవడం మాత్రం ఇంటి దగ్గరే చేయొచ్చు. యాభై కిలోల యూరియా సంచి పనికిరాదు, అది కదలదు. కాళ్లూ చేతులూ వేలాడేసే తమ్ముణ్ణి మోసి చూడండి.

‘అన్నా, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన. ముంబైకి, నాగపూర్‌కు పనికొస్తనా?’

తమ్ముడూ, బీఎంసీ ఉద్యోగాలకు పదో తరగతిలో వంద మార్కుల మరాఠీ పేపరు పాసై ఉండమని అడుగుతారు. సిరొంచలో మరాఠీ బడిలో చదివినవాళ్లకు ఈ చిక్కు లేదు. ప్రాణహిత దాటి చెన్నూరులోనో, మంచిర్యాలలోనో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్లకు ఉంటుంది. మార్కుల మెమో తీసి మరాఠీ ఉందో లేదో, ఎన్ని మార్కుల పేపరో ఇప్పుడే చూసుకో. లేకపోతే బయటి అభ్యర్థిగా ఆ సబ్జెక్టు రాసే దారి ఉందా అని బోర్డు ఆఫీసులో అడుగు. దాంతో పాటు డొమిసైల్ (స్థిర నివాస పత్రం) కావాలి. దానికి మహారాష్ట్రలో పదిహేనేళ్ల నివాసం చూపాలి. ఎంఎస్-సీఐటీ కంప్యూటర్ సర్టిఫికెట్ కూడా చాలాచోట్ల తప్పనిసరి.

కుల ధ్రువీకరణ, వ్యాలిడిటీ దగ్గర మనవాళ్లు ఎందుకు ఆగిపోతారు?

ఎక్కువ ఉద్యోగాలు పోయేది మైదానంలో కాదు, ఈ కాగితాల దగ్గర. మహారాష్ట్రలో రిజర్వేషన్ కింద చేరాలంటే కుల సర్టిఫికెట్ ఒక్కటి చాలదు, పడతాళణీ సమితి (కుల పత్రాలను తనిఖీ చేసే కమిటీ) ఇచ్చే వ్యాలిడిటీ కావాలి. మీ కుటుంబం ఫలానా తేదీ నాటికి మహారాష్ట్ర హద్దుల్లో ఉన్నట్టు చూపాలి: ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. పేపర్ మిల్లులోనో గనుల్లోనో పనికని తాత ఆ తేదీ తర్వాత వచ్చిన కుటుంబానికి ఇక్కడ రిజర్వేషన్ దొరకడం దాదాపు అసాధ్యం. అట్లాంటివాళ్లు ఓపెన్‌లో పోటీ పడేందుకే తయారవ్వాలి. చేదుగా ఉన్నా ముందే తెలిస్తే నయం.

ముందునుంచీ ఇక్కడే ఉన్నవాళ్లకు చిక్కు వేరు: కాగితం ఎక్కడుందో తెలియదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాది. మీ ముత్తాత భూమి కాగితం చంద్రపూర్‌లో దొరక్కపోతే ఆదిలాబాద్‌లో వెతకాలి. నాందేడ్ వైపూ నిజాం నాటి ఉర్దూ రికార్డులే, చదివి మరాఠీలోకి మార్చి ఇచ్చేవాణ్ణి పట్టుకోవాలి. సిరొంచ ఆ రోజుల్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చాందా జిల్లాది. గడ్చిరోలి జిల్లా పుట్టిందే 1982లో. తాత బడి దాఖలా, కోత్వాల్ పుస్తకంలో జనన నమోదు, పాత సాత్‌బారా (భూమి హక్కుల పత్రం), ఈ మూడింట్లో కులం పేరు ఒకే రకంగా ఉందో లేదో చూసుకోండి. మరాఠీ గుమాస్తా తెలుగు కులం పేరును తనకు వినబడ్డట్టు రాసిన ఒక్క అక్షరం ఏళ్లు తిప్పిస్తుంది. ప్రకటన పడ్డాక మొదలుపెడితే కాదు. పదకొండో తరగతిలోనే ఫైలు కదపండి.

తెలంగాణ ఫైర్‌మన్‌కు మేం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటినుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నదే స్థానికత. ఇందాక చెప్పిన మేనమామ ఇంటి పిల్లలకు ఇక్కడ లాభం. అక్కడ పోలీసు నియామక మండలి రాత పరీక్ష, దేహ పరీక్షలతో భర్తీ చేస్తుంది. పదో తరగతి ఒక రాష్ట్రంలో, మొదటి ఏడు తరగతులు ఇంకో రాష్ట్రంలో అయితే రెండు తలుపులూ తట్టొచ్చు. రెండూ మూసుకుపోయేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు కిందిది చెబుతున్నాను.

కేంద్రంలో ఏమైనా ఉందా?

సీఐఎస్ఎఫ్‌లో (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో) కానిస్టేబుల్ ఫైర్. చాలా విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారాల్లో అగ్నిమాపకం చూసేది ఈ విభాగమే. 2024 ప్రకటనలో 1,130 పోస్టులు, మగవాళ్లకు మాత్రమే. సైన్సుతో ఇంటర్, వయసు 18 నుంచి 23, ఎత్తు 170, ఐదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో. ఎస్టీలకు ఎత్తులో సడలింపు ఉంది. నక్సల్ ప్రభావిత జిల్లాలకు విడిగా ఖాళీలు కేటాయిస్తారు. గడ్చిరోలి కుర్రాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. మరాఠీ పేపరు గొడవ లేదు. ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లిషుల్లో వస్తుంది, హిందీ మన ఊళ్లలో ఎవరికి రాదు?

‘ఆరు నెలల్లో ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, నూరు శాతం ఉద్యోగం’ అనే సంస్థల్లో చేరవచ్చా?

చేరే ముందు ఒకే ప్రశ్న అడగండి: ‘ఈ కాగితం ఏ పాలిక భర్తీ ప్రకటనలో చెల్లింది? ఆ ప్రకటన చూపించండి.’ చూపించలేకపోతే లేచి రండి. ఆ డిప్లొమాతో ఫ్యాక్టరీల్లో, కట్టడాల దగ్గర సేఫ్టీ మనిషిగా పని దొరకొచ్చు, అదీ చెడ్డ పని కాదు. కానీ సర్కారు ఫైర్‌మన్ కావడానికి అది మెట్టు కాదు.

నమ్మదగ్గ పేర్లు చేతివేళ్ల మీద లెక్క. ఒకటి పైన చెప్పిన రాష్ట్ర డైరెక్టరేట్ కోర్సు. రెండోది నాగపూర్‌లో 1956 నాటి నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ, కేంద్ర హోం శాఖది. సబ్ ఆఫీసర్ కోర్సు, ఫైర్ ఇంజనీరింగ్‌లో బీఈ అక్కడే. దేశంలో ఎక్కడెక్కడినుంచో వచ్చి చదువుకుంటారు. బల్లార్షా స్టేషన్లో రైలెక్కితే మూడు గంటల దూరం మనకు, అయినా అక్కడ మన పిల్లలు కనబడేది తక్కువ.

ఆడపిల్లలు చేరవచ్చా?

చేరవచ్చు. అదే కాలేజీలో 2002లో చేరిన తొలి అమ్మాయి నాగపూర్‌కు చెందిన హర్షిణీ కాన్హేకర్. ముంబై దళంలో మహిళా ఫైర్‌మెన్ పనిచేస్తున్నారు. ‘పెళ్లయ్యాక నైట్ డ్యూటీ ఎట్లా వదినా’ అని అడిగేవాళ్లకు: ఆస్పత్రి నర్సులు ఎట్లా చేస్తున్నారో అట్లాగే.

గల్ఫ్‌కు వెళ్లాలంటే?

అక్కడి కంపెనీలు ఎక్కువగా ఎన్ఎఫ్‌పీఏ 1001 (అమెరికా సంస్థ ప్రమాణం ప్రకారం ఫైర్‌మన్ అర్హత) సర్టిఫికెట్, ఇంగ్లిషు, హెవీ డ్రైవింగ్ లైసెన్సు చూస్తాయి. ఏజెంటుకు డబ్బు కట్టేముందు అతని విదేశాంగ శాఖ రిజిస్ట్రేషను చూసుకోండి.

ఇల్లు కాలాక బీమాకు, సర్కారు సాయానికి ఏ కాగితాలు కావాలి?

తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) పంచనామా, పోలీసు స్టేషన్లో నమోదు, ఫైర్ స్టేషన్ ఇచ్చే అగ్నిప్రమాద నివేదిక. మూడింట్లో తేదీ, టైము, కాలిన వస్తువుల జాబితా ఒకేలా ఉండాలి. బూడిద ఎత్తేసేముందు ఫోటోలు తీయండి. నివేదికకు బండి వచ్చిన స్టేషన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. పక్క ఊరి పరిషత్ బండి వచ్చి ఉంటే మీ ఊళ్లో అడిగితే దొరకదు.